ఆగిపోయిన సీరియల్‌కు గొంతులే ప్రాణం

టీవీలో ఆగిపోయిన సైన్స్ ఫిక్షన్ సీరియల్‌ను, అందులో వేసిన నటుల్నే మళ్ళీ పిలిచి, పాత్రకొక గొంతుతో శబ్దనాటకంగా బతికించుకున్న సంగతి ఇవాళ చెప్పబోతున్నాను. ఆ పని చేసింది ఇంగ్లండు వాళ్ళు. కానీ మైలవరంలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, అది మన చేతనయ్యే పనేనని నా గట్టి నమ్మకం.

నూరేళ్ళ కిందట మా ఊరి జమీందారు సూరానేని వెంకట పాపయ్యారావు గారు బాలభారతి నాటక సమాజం పెట్టారు. జనం దాన్ని మైలవరం కంపెనీ అనే పిలిచారు. నటులకు నెల జీతాలిచ్చి పోషించిన సంస్థ అది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి ఉద్దండులు అందులో వేషాలు కట్టారు. మైకులు లేని రోజుల్లో, చిట్టచివర చాపమీద కూర్చున్నవాడికి కూడా పద్యంలో ఒక్క అక్షరం పోకుండా వినిపించాలి. వాచికం మీద అంత సాధన ఉండేది. తర్వాత గ్రామఫోను వచ్చింది. రంగస్థలం పద్యాలూ, ఏకంగా నాటకాల సెట్లూ రికార్డులయ్యాయి. వేషం కంటికి కనపడకపోయినా నాటకాన్ని ఆస్వాదించడం మనవాళ్ళు అప్పుడే నేర్చారు.

1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలైంది. బందా కనకలింగేశ్వరరావు గారు అక్కడ నాటకాలకు ప్రయోక్తగా పనిచేశారు. గణపతి నాటకంలో నందూరి సుబ్బారావు గారి గొంతు విన్నవాళ్ళు గణపతిని కళ్ళారా చూశామనే అంటారు. శారదా శ్రీనివాసన్ గారి గొంతు తెలుగు లోగిళ్ళలో ఇంటి మనిషి గొంతైపోయింది.

ఇంకొకటి మీకందరికీ గుర్తుండే ఉంటుంది, సంక్షిప్త శబ్దచిత్రం. సినిమా సౌండ్ ట్రాకును కత్తిరించి, మధ్యలో వ్యాఖ్యానం కలిపి రేడియోలో వేసేవారు. హాలుకు వెళ్ళే స్తోమత లేని ఇళ్ళల్లో పనులు చేసుకుంటూనే సినిమా మొత్తం వినేవారు. నాకు అదంటే ప్రాణం. అయితే అది కంటి కోసం తీసిన కథ. బొమ్మ తీసేస్తే ఏర్పడే ఖాళీల్ని వ్యాఖ్యాత పూడ్చాలి. శబ్దనాటకం మొదటి మాట నుంచీ చెవి కోసమే పుట్టాలి. ఇంగ్లండు వాళ్ళు చేసింది అదీ.

డాక్టర్ హూ అనే సీరియల్ బీబీసీ టీవీలో 1963 నవంబరు 23న మొదలైంది. నీలం రంగు పోలీసు పెట్టెలా కనపడే యంత్రంలో కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే, డాక్టరు అనే ఒక గ్రహాంతరవాసి కథ. ఇరవయ్యారేళ్ళు నడిచి 1989లో ఆగిపోయింది. 1996లో పాల్ మెక్‌గాన్ హీరోగా ఒక్క టీవీ సినిమా వచ్చింది, దాని వెనక సీరియల్ రాలేదు. అభిమానులు మాత్రం వదల్లేదు. వాళ్ళలో కొందరు అంతకుముందే, 1980లలోనే, సొంతంగా నాటకాలు రాసుకుని క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్నవాళ్ళు. ఆ అనుభవం ఉన్నవాళ్ళే బిగ్ ఫినిష్ అనే సంస్థలో కలిశారు. ఆ సంస్థ లైసెన్సు తెచ్చుకుని 1999లో తొలి డాక్టర్ హూ నాటకం విడుదల చేసింది. అందులో టీవీలో వేర్వేరు కాలాల్లో డాక్టరు పాత్ర వేసిన ముగ్గురు నటులు, పీటర్ డేవిసన్, కోలిన్ బేకర్, సిల్వెస్టర్ మెక్‌కాయ్, ఒకే కథలో మాట్లాడారు.

ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి మెక్‌గాన్‌ది. టీవీలో ఒక్కసారి కనపడి మాయమైన మనిషి, 2001 నుంచి ఏళ్ళ తరబడి శబ్దనాటకాల్లో ఆ పాత్రను పెంచి పెద్ద చేశాడు. 1981లో సీరియల్ వదిలిన టామ్ బేకర్, డెబ్బై దాటాక, 2012 నుంచి బిగ్ ఫినిష్ నాటకాల్లో మళ్ళీ ఆ పాత్ర వేశాడు. కెమెరా ముందైతే అది కుదిరే పని కాదు. మొహం మీద పడిన వయసు గొంతు మీద అంత తొందరగా పడదు. ఇదే దారిలో, 1981లో ముగిసిన బ్లేక్స్ సెవెన్ అనే అంతరిక్ష సీరియల్‌ను కూడా ముప్ఫై ఏళ్ళ తర్వాత అప్పటి నటులతోనే తిరిగి మొదలుపెట్టారు. 2005లో డాక్టర్ హూ టీవీకి తిరిగొచ్చినప్పుడు, రాబర్ట్ షియర్‌మన్ తన శబ్దనాటకంలోని ఆలోచననే టీవీ ఎపిసోడుగా మలిచాడు. ఆ గొంతులు అంతకాలం కథను మోయకపోతే టీవీకి ఆ ఎపిసోడు దక్కేది కాదు.

చెవికి అంతరిక్షం ఎలా చూపిస్తారు? డాక్టరు ప్రయాణించే యంత్రం బయల్దేరేటప్పుడు గరగరమంటూ పైకి లేచే ఒక రొద వినిపిస్తుంది. బీబీసీ శబ్దకారుడు బ్రయన్ హాడ్జ్‌సన్, విప్పదీసిన పాత పియానో తీగల మీద తన తల్లి ఇంటి తాళంచెవితో గీసి, ఆ చప్పుడును టేపు మీద మార్చి దాన్ని పుట్టించాడు. ఖర్చు దాదాపు సున్నా. అరవై ఏళ్ళు దాటినా ఆ శబ్దం వింటే చాలు, యంత్రం కళ్ళముందు నిలబడుతుంది.

రాతలోనూ, మైకు ముందూ కిటుకులున్నాయి. "అదిగో, ఇనప తలుపు ఎర్రగా కాలిపోతోంది చూడు" అని పాత్ర చేత అనిపిస్తే, అది శ్రోతకు చెప్పడానికే అన్న మాటని పసిపిల్లవాడు కూడా పట్టేస్తాడు. "చెయ్యి పెట్టకు!" అని ఒక కేక, వెంటనే చుయ్‌మన్న చప్పుడు, ఆ తర్వాత కొంచెం నిశ్శబ్దం. తలుపూ వేడీ భయమూ మూడూ అందులోనే వచ్చేస్తాయి. మైకు నుంచి అడుగు వెనక్కి వేస్తే పాత్ర గది అవతలికి వెళ్ళినట్టు, మొహం తిప్పి మాట్లాడితే గుమ్మం దాటినట్టు వినపడుతుంది. స్క్రిప్టు కాగితం తిప్పేటప్పుడు చప్పుడు రాకుండా పక్కకు జార్చడం కూడా రేడియో నటులు నేర్చుకునే విద్యే. ఒకే సన్నివేశంలో ఈడూ జోడూ ఒకటైన ఇద్దరు మగవాళ్ళుంటే, వాళ్ళ గొంతులు దగ్గరగా ఉండకూడదు, ఎవరు మాట్లాడుతున్నారో తెలియక శ్రోత కథ వదిలేస్తాడు.

సైన్స్ ఫిక్షన్‌కు రేడియో అంతగా ఎందుకు నప్పుతుందో ఇప్పుడు ఊహించే ఉంటారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ఆదిత్య 369 తీసినప్పుడు కృష్ణదేవరాయల కొలువు సెట్టు వెయ్యాలి, రేపటి లోకం సెట్టూ వెయ్యాలి. దానికి నిర్మాత కావాలి, ధైర్యమూ కావాలి. రేడియోలో ఆ రెండు లోకాల మధ్య దూరం ఒక్క వాక్యం. దూరదర్శన్‌లో 1998లో కెప్టెన్ వ్యోమ్ లాంటివి హిందీలో వచ్చాయి కానీ, మన భాషలో పిల్లలు ఎదురుచూసే అంతరిక్ష ధారావాహిక తెర మీద నిలదొక్కుకోలేదు. డబ్బు లేదనే సాకు తెరకు చెల్లుతుంది, రేడియోకు చెల్లదు.

మైలవరం, కొండపల్లి, తిరువూరు, నూజివీడు కాలేజీల్లో చదివే పిల్లలకు నా మనవి. మీలో సైన్సు తెలిసినవాళ్ళున్నారు, పద్యం పాడే తాతల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళున్నారు. ఇద్దరూ కలిసి అరగంట నాటిక ఒకటి రాయండి. పాత్రకొక మనిషిని పెట్టుకోండి, ఊళ్ళో మిగిలిన పాత నాటకాల పెద్దల్ని అడిగి మాట విరుపు నేర్చుకోండి. రికార్డింగుకు మీ చేతిలో ఫోను చాలు, దుప్పట్లు కట్టిన చిన్న గది చాలు. రాశాక ముందు మీ అమ్మమ్మకు వినిపించండి. ఆవిడకు కథ అర్థమైతే, అప్పుడు రేడియో కేంద్రానికి తీసుకెళ్ళండి.