మావాడి పెరుగన్నం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఆటిజం ఉన్న పిల్లల తిండి గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను డాక్టర్ని కాను, డైటీషియన్ని కాను అన్నాను. "రోజూ అన్నం పెడుతున్నావు కదమ్మా, అదే చెప్పు" అన్నారు. కాబట్టి ఇది వంటింట్లోంచి వచ్చిన ప్రసంగం అనుకోండి.

మావాడికి ఇప్పుడు 11 ఏళ్లు. నాలుగేళ్లప్పుడు వాడు తినేవి నాలుగే: పెరుగన్నం, ఉత్త దోసె, వేయించిన అప్పడం, ఒకే కంపెనీ బిస్కెట్లు. ఇంట్లో కొత్త బియ్యం బస్తా విప్పితే ముందు తెలిసేది వాడికే. అన్నం కాస్త ముద్దయినా కంచం పక్కకి నెట్టేస్తాడు. పెరుగన్నంలో ఒక్క కరివేపాకు కనపడితే ఆ పూట పస్తే. "గారాబం ఎక్కువైంది, ఆకలేస్తే వాడే తింటాడు" అని చుట్టాలు అనేవారు. మామూలు పిల్లల సంగతిలో అది నిజం కావచ్చు. ఇలాంటి పిల్లల్లో కొందరు నిజంగానే ఆకలితో ఉండిపోతారు, ముట్టుకోరు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలో 11 మంది పిల్లల సంగతి ఉంది. వాళ్లలో కొందరికి పసితనం నుంచే తిండి దగ్గర తీవ్రమైన ఇబ్బంది ఉండేదని ఆయన అప్పుడే రాశారు.

ఎందుకంటే వాళ్ల నాలుకకీ, ముక్కుకీ, చేతికీ తెలిసేది వేరు. వంకాయ కూర చూడండి. తొక్క జారుతుంది, లోపల మెత్తన, మధ్యలో గింజలు. ఒక్క ముద్దలో మూడు రకాలు. మనకి అదే రుచి, వాడికి అదే భయం. పెరుగన్నం అలా మోసం చెయ్యదు, మొదటి ముద్ద ఎలా ఉంటే ఆఖరి ముద్దా అలాగే ఉంటుంది.

ఆటిజం అని తెలిసిన వారం లోపే మాకు వచ్చిన సలహా, గోధుమలూ పాలూ పూర్తిగా మాన్పించమని. గోధుమలో గ్లూటెన్, పాలలో కేసీన్ అనే మాంసకృత్తులు ఉంటాయి. అవి సరిగా అరగక నల్లమందులాంటి పదార్థాలుగా మారి మెదడు మీద పనిచేస్తాయన్నది వాదం. దీని మూలం 1979లో పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త చేసిన ఒక ఊహలో ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని జాగ్రత్తగా పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. 14 మంది చిన్నపిల్లలకు ముందు ఆ పథ్యం పెట్టి, తర్వాత ఏది ఎప్పుడు పెట్టారో తల్లిదండ్రులకూ పరిశీలకులకూ తెలియకుండా గోధుమ, పాల పదార్థాలు ఇచ్చి చూశారు. ప్రవర్తనలో గానీ, నిద్రలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లలు తక్కువే, నిజమే. కానీ అంత జాగ్రత్తగా చేసినవి ఈ విషయంలో ఎక్కువ లేవు.

మన ఇళ్లల్లో గోధుమ మానడం కొంత తేలిక, మనది అన్నం తినే నేల. అయినా చపాతీ, ఉప్మా ఆపితే సరిపోదు. బజారులో దొరికే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు, డబ్బా వెనక చదివితే గానీ తెలియదు. పాలు మానడం మాత్రం వేరే మాట. నాలుగే తినే పిల్లాడి దగ్గర పెరుగు తీసేస్తే మిగిలేదేమిటి? పైగా ఆటిజం ఉన్న మగపిల్లల ఎముకల మందం తక్కువగా ఉందనీ, పాలు మానిన వాళ్లలో మరీ తక్కువనీ 2008లో ఒక అమెరికా అధ్యయనం చూపించింది. మా పిల్లల డాక్టరుగారు ఒక్కమాటే అన్నారు: "పెరుగు జోలికి పోవద్దమ్మా."

గోధుమ సంగతి మాత్రం చూద్దామనుకున్నాం. ముందు సీలియాక్ జబ్బు ఉందేమో రక్తపరీక్ష చేయించాం. గోధుమ మానేశాక చేస్తే ఆ పరీక్షని నమ్మడానికి లేదు, అందుకే ముందు చేయించాలి. అది లేదని తేలింది. తర్వాత ఆరు వారాలు గోధుమ ఆపాం, ఆరు వారాలు మళ్లీ పెట్టాం. బిస్కెట్లు వాడికి ఇష్టం కాబట్టి ఆ మొదటి ఆరు వారాలు ఎలా గడిచాయో నన్నడగకండి. బళ్లో వాళ్ల టీచరుగారికి ఏ వారం ఏం పెడుతున్నామో చెప్పలేదు. ఎంతసేపు కూర్చున్నాడు, ఎన్నిసార్లు ఏడ్చాడు, ఇవి మాత్రం రోజూ నోటుబుక్కులో రాయమన్నాం. ఓపికగా రాశారావిడ. రెండు భాగాలూ పక్కపక్కన పెడితే తేడా లేదు. బిస్కెట్లు తిరిగొచ్చాయి.

నిజంగా పనికొచ్చినవి వేరే ఉన్నాయి. మావాడు తల గోడకేసి కొట్టుకునేవాడు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి మలబద్ధకం అన్నారు. కడుపు నొప్పి అని చెప్పే మాట వాడికి లేదు మరి. మందు వాడి, నీళ్లు పెంచితే నెల రోజుల్లో తల కొట్టుకోవడం బాగా తగ్గింది. ఆటిజం తగ్గిందనుకోకండి, నొప్పి తగ్గింది. రక్తపరీక్షలో ఇనుము తక్కువని వచ్చింది. పాలూ పెరుగూ మీదే బతికే పిల్లల్లో అది మామూలేనట. సిరప్ ఇచ్చారు. పండూ కూరా బొత్తిగా ముట్టని ఆటిజం పిల్లలకు సి విటమిన్ లేక స్కర్వీ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాళ్ల నొప్పితో పిల్లాడు నడవనంటే అది మొండితనం కాకపోవచ్చు. మావాడికి పులుపంటే ఇష్టం, ఆ దారిన మజ్జిగలో నిమ్మరసం ఎక్కించాం.

ఇక రాగులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలలో 120 దాకా ఉంటుంది. దోసెల పిండిలో అర చెంచా రాగిపిండితో మొదలుపెట్టాను. వారానికో అర చెంచా పెంచుకుంటూ పోతే ఒకచోట రంగు మారిందని పసిగట్టేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, నెల ఆగి, మళ్లీ ఎక్కాం. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు సగం రాగి దోసె తింటాడు. మొత్తం మీద పద్నాలుగు రకాలు తింటున్నాడు.

మధ్యలో ఒకాయన ఆరునెలల ఆహార ప్యాకేజీ అని పొడులూ చుక్కలూ చూపించి "మాటలు గ్యారంటీ" అన్నాడు. ఆ డబ్బు స్పీచ్ థెరపీకి కట్టాం. గ్యారంటీ అనే మాట వినపడిన చోట నిలబడకండి.

టీచర్లకు నా విన్నపం. మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేయించాలని పట్టుబట్టకండి. భోజనాల గది గోల, నలభై డబ్బాల వాసన ఒక్కసారి మీద పడితే వీళ్లు తినేది కూడా తినలేరు. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు, ఒక మూల, ఒక్క స్నేహితుడితో కూర్చోబెడితే చాలు. మా టీచరుగారు అలాగే చేశారు. ఆ స్నేహితుడి డబ్బాలోంచే మావాడు మొదటిసారి వేయించిన బంగాళదుంప తీసుకున్నాడు. నేను రెండేళ్లు పెట్టినా ముట్టనిది.

ఇప్పుడు మనమందరం బంతికి లేస్తున్నాం. మావాడూ వచ్చాడు, డబ్బా తెచ్చుకున్నాడు. దయచేసి "ఒక్క గారె తిను బాబూ" అని ఎవరూ బతిమాలకండి. పక్కన కూర్చుని మీది మీరు తినండి, వాడికి అదే ఇష్టం.