ఫిజీ చెరకు రైతు: ధర గెలిచాడు, భూమి దగ్గర ఆగాడు



చెరకు ధర గురించి మనం ఎన్నిసార్లు కూర్చోలేదు! ఈసారి పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దాకా వెళ్లొద్దాం. జనాభా పది లక్షలు కూడా లేని దేశం. అక్కడి చెరకు మనవాళ్ల చెమటతో పెరిగింది.

1879 నుంచి 1916 దాకా బ్రిటిష్ వాళ్లు 60 వేల మందికి పైగా భారతీయులను ఐదేళ్ల ఒప్పందం మీద ఓడల్లో అక్కడికి పంపారు. 'అగ్రిమెంటు' వాళ్ల నోట 'గిర్మిట్' అయింది. 1903 నుంచి మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. గడువు తీరాక చాలామంది అక్కడే ఉండిపోయి చిన్న కమతాలు కౌలుకు తీసుకుని చెరకు వేశారు. మిల్లులు మాత్రం సీఎస్ఆర్ అనే ఆస్ట్రేలియా కంపెనీవి. కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎవరు చెబుతారో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

1937లో అక్కడి రైతులు కిసాన్ సంఘ్ పెట్టుకున్నారు. తర్వాత మహా సంఘ్ వచ్చింది. రెండు సంఘాలకూ పడలేదు (ఆ జబ్బు మనకూ తెలిసిందే). 1943లో ధర కోసం చెరకు నరకడం ఆపేశారు. 1960లోనూ సమ్మె జరిగింది. చివరికి 1969లో లార్డ్ డెన్నింగ్ అనే బ్రిటిష్ న్యాయమూర్తి ముందుకు వివాదం వెళ్లింది. రైతుల తరఫున గుజరాతీ న్యాయవాది ఎ.డి.పటేల్ కంపెనీ లెక్కలన్నీ తవ్వి వాదించాడు. తీర్పు చూడకుండానే చనిపోయాడు. అమ్మకాల రాబడిలో 65 శాతం రైతుకు, 35 శాతం మిల్లుకు అని తీర్పు వచ్చింది. కనీస ధరకూ హామీ దొరికింది. అలాగైతే మాకు గిట్టదని కంపెనీ 1973లో వెళ్లిపోయింది. మిల్లులు ప్రభుత్వం చేతికి వచ్చాయి.

ఇక భూమి. ఫిజీలో నూటికి ఎనభైకి పైగా భూమి స్థానిక తెగల ఉమ్మడి సొత్తు. అమ్మకం కుదరదు. పూర్వీకులు, ఊరు, నేల, మనుషులు అన్నీ కలిపి 'వనువా' అంటారు వాళ్లు. అది వాళ్ల హక్కు, కాదనలేం. 1976 చట్టం 30 ఏళ్ల కౌలు ఇచ్చింది. 1997 నుంచి ఆ గడువులు తీరుతూ వచ్చాయి. చాలా కౌళ్లు మళ్లీ రాయలేదు. తాత దున్నిన పొలం వదిలి ఎన్నో కుటుంబాలు సువా నగరం అంచున గుడిసెలు వేసుకున్నాయి. కౌలుదారుకు గడువు తర్వాత ఏ భరోసా ఉందని ముందే గట్టిగా అడగాల్సింది.

విచిత్రమేమంటే సాయంత్రమైతే ఆ ఇద్దరూ ఒకే గిన్నె చుట్టూ కూర్చుంటారు. కావా వేరు దంచి నీళ్లలో కలిపి కొబ్బరి చిప్పతో తాగడం స్థానికుల ఆచారం. భారతీయ రైతులూ అలవాటు చేసుకున్నారు. కౌలు మాటలూ చాలాసార్లు ఆ గిన్నె దగ్గరే మొదలవుతాయి.