కుశలప్రశ్న: సూరత్తు నగరమున తెలుగువారి క్షేమసమాచారములు



తెలుగువారి ఉత్తరములలో మొదటి పంక్తి తరతరములుగా ఒక్కటే. "ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీరందరును క్షేమమని తలంచుచున్నాము." వ్రాయువాడు మూడురోజుల జ్వరము తరువాత పడకపై లేచి కూర్చుండి వ్రాసినను ఆ పంక్తి మారెడిది కాదు. అంతకు పూర్వపు పెద్దలు "ఉభయకుశలోపరి" అని ప్రారంభించెడివారు. ఇరువైపుల కుశలము తేల్చుకొన్న పిమ్మటనే తక్కిన సంగతులని దాని భావము. నేడు ఉత్తరములు తగ్గినవి, ప్రతి చేతిలోను టెలిఫోను వచ్చినది. వాక్యము మాత్రము పోలేదు. "బాగున్నారా?" "ఆ, బాగున్నామండీ. ఎండలే మండిపోతున్నాయి." అంతటితో కుశలప్రశ్న ముగియును. ఆరోగ్యము, ఎండ, పిల్లల చదువు, కూరల ధరలు అను ఈ నాలుగు మాటలే దూరదేశముననున్న కుటుంబమును స్వగ్రామముతో కట్టియుంచు నాలుగు పోగులు. ఆ పోగులు ఎంత గట్టివో, ఎచ్చట పలుచబడినవో పరిశీలించుటకు సూరత్తు నగరము తగిన స్థలము.

సూరత్తు తపతీనది యొడ్డున, సముద్రమునకు చేరువగా ఉన్న నగరము. మొగలాయిల కాలమున హజ్ యాత్రికులు ఓడనెక్కిన రేవు అది. ఆంగ్లేయ వర్తకులు 1613లో అచ్చట కోఠీ పెట్టిరి. నేడు అది వజ్రములకును, కృత్రిమపట్టు వస్త్రములకును పేరుగాంచినది. ఆ వస్త్రములు నేయు మరమగ్గముల వెంట తెలంగాణపు నేతకుటుంబములు షోలాపురము, భివండి, బొంబాయిలకు పోయినట్లే సూరత్తునకును పోయినవి. లింబాయత్ ప్రాంతపు సందులలో తెలుగుమాట సహజముగా వినవచ్చును. అచ్చటి పురపాలక సంఘము గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతో పాటు తెలుగు పాఠశాలలను గూడ నడుపుట ఆ సంఖ్యాబలమునకు సాక్ష్యము. వీరుగాక ఆదాయపు పన్ను, తపాలా, రైల్వే మొదలైన కేంద్రశాఖలలోను, హజీరా, కవాసు ప్రాంతముల కర్మాగారములలోను ఉద్యోగించు తెలుగువారు కలరు. ఒకరు మగ్గము వెంట వచ్చినవారు, ఒకరు బదిలీ ఉత్తరువు వెంట వచ్చినవారు. ఇరువురును ఊరికి పోవుటకు ఎక్కు బండి మాత్రము ఒక్కటే. అహమ్మదాబాదునుండి చెన్నపట్టణము పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్తులో ఆగి, వరంగల్లు, విజయవాడల మీదుగా సాగును. పోవునప్పుడు చీరల మూటలును, వచ్చునప్పుడు ఆవకాయ జాడీలును ఆ బండిలో ప్రయాణము చేయును.

వేసవిలో ఒక సాయంకాలము మరమగ్గపు శాలనుండి వెలుపలికి వచ్చిన కార్మికుడు ఊరిలోని తల్లితో మాటలాడు తీరు ఇట్లుండును.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? ఎండలెట్లున్నయి?"

"మంచిగనే ఉన్ననే అమ్మా. ఈడ మనూళ్లె కొట్టినంత ఎండలు లెవ్వు."

కుమారుడు అబద్ధమాడలేదు. రామగుండములో ఉష్ణమాపకము 45 డిగ్రీలు దాటు దినములలో సూరత్తులో 36, 37 దగ్గర నిలిచియుండుట కలదు. తల్లి స్థిమితపడును. కాని ఆ జవాబులో సగము సత్యమే ఉన్నది. మిగిలిన సగము ఉష్ణమాపకమునకు కనబడదు.

మనుష్యశరీరము తన వేడిని 37 డిగ్రీల చెంత నిలుపుకొనుటకు వేసవిలో నమ్ముకొనునది చెమటను. చెమట పట్టుట చాలదు. అది ఆరవలయును. ఆరునప్పుడు శరీరపు వేడిని వెంట తీసికొనిపోవును. తెలంగాణపు పొడిగాలిలో చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవును. సముద్రపుగాలి తగులు సూరత్తులో గాలియే తేమతో నిండియుండుటచే చెమట కారునేగాని ఆరదు. అందుచే అచ్చటి 37 డిగ్రీలు శరీరమునకు అంతకంటె ఎంతయో అధికముగా తోచును. దానికి తోడు రేకుల కప్పు, వరుసగా నడచు యంత్రముల వేడి, పండ్రెండు గంటల షిఫ్టు. పని ముగించి గదికి వచ్చినను ఆ గదియు రేకులదే. పగలు కాగిన కప్పు రాత్రి చాలసేపు వేడిని విడుచుచుండును. రాత్రి చల్లబడని శరీరము మరునాటి ఎండకు ముందురోజు అలసటతోనే ఎదురు పోవును. వడదెబ్బ అనునది మిట్టమధ్యాహ్నము నడివీథిలో మాత్రమే తగులునని చాలమంది యెంచుదురు. నీడలో, ఇంటిలోపల, రాత్రివేళ సైతము అది తగులవచ్చును.

ఇంకొక సంగతి. క్రొత్త వేడికి శరీరము అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. కావున ఎక్కువ అపాయము పదేండ్లుగా ఉన్నవానికి కాదు, నిన్న మొన్న బండి దిగి వచ్చినవానికి. పెండ్లికి ఊరికి పోయి నెల తరువాత తిరిగివచ్చి మొదటినాడే పూర్తి షిఫ్టు పని చేయువానికి. అతనిని "ఊళ్లె అందరు మంచిగున్నరా?" అని అడుగువారు పదిమంది ఉందురు. "ఇయ్యాల నీళ్లెన్ని తాగినవు?" అని అడుగువాడు ఒక్కడున్నను చాలును.

ఈ రెండవ ప్రశ్నయే అసలు కుశలప్రశ్న. మూత్రము పచ్చబడినదా, తలనొప్పి యున్నదా, పిక్కలు పట్టుచున్నవా, నిద్ర పట్టినదా? ఇవి వైద్యుడే అడుగవలసినవి కావు, ప్రక్క మగ్గమువాడు అడుగదగినవి. నీరసముగా నున్నవానికి కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుట ఏ యింటనైనను సాధ్యమే. మాట తడబడి, మనిషిని గుర్తుపట్టక, ఒళ్లు కాలిపోవుచున్నచో అది నీరసము కాదు, ప్రాణాపాయము. అపుడు నీడకు చేర్చి, ఒళ్లంతయు తడిపి, విసరుచు, 108కి కబురు చేయవలయును. స్పృహ తప్పినవాని నోటిలో నీరు పోయరాదు. హైదరాబాదులో 2005లో మొదలైన ఆ 108 వాహనము గుజరాతునకు 2007లో వచ్చినది. తెలుగునాట పుట్టిన సేవ తెలుగువానికి సూరత్తులోను ఎదురుగా వచ్చుచున్నది.

కుశలము అడుగక పోయిన యెడల ఒక నగరమునకు ఏమగునో సూరత్తు 1994లో చవిచూచినది. ఆ సంవత్సరపు వానకాలమున తపతికి వరదలు వచ్చినవి. వరద తీసిన వెనుక పేదవాడలలో చెత్తయు, మురుగును, జంతుకళేబరములును నిలిచిపోయినవి. సెప్టెంబరు నెలలో ఊపిరితిత్తుల ప్లేగు అను మాట నగరమంతట ప్రాకినది. మరణములు ఏబది పైచిలుకు. భయము మాత్రము లక్షలాది జనమును రైళ్లకెక్కించినది. మందుల దుకాణములలో టెట్రాసైక్లిన్ దొరకలేదు. ఊళ్లకు చేరినవారిని అచ్చటివారు దూరముగా నిలిపిన సందర్భములును కలవు. వ్యాధి కంటె ముందు వచ్చినది చెత్త. దానిని గురించి అడుగవలసినవారు ముందుగా అడుగలేదు.

మరుసటి సంవత్సరము, 1995లో, సూరత్తు పురపాలక కమిషనరుగా సూర్యదేవర రామచంద్రరావుగారు వచ్చిరి. ఆయన చేసినది చెప్పుటకు చిన్నది, చేయుటకు పెద్దది. నగరమును ఆరు మండలములుగా విభజించి ఒక్కొక్క దానికి అధికారముగల కమిషనరును నియమించిరి. ఉన్నతోద్యోగులు ప్రతి ఉదయము చల్లని గదులు విడిచి వీథులలోనికి పోవలయునని నియమము పెట్టిరి. మురుగు పారుచున్నదా, చెత్త యెత్తిరా, నీరు శుభ్రముగా వచ్చినదా అను ప్రశ్నలు కాగితముమీదగాక గుమ్మము ముందర అడుగబడినవి. ఆసుపత్రులనుండి జ్వరముల లెక్క ఏ రోజుది ఆ రోజు తెప్పించు పద్ధతి ఏర్పడినది. 1996 నాటికే ఇంటాక్ సంస్థ సూరత్తును చండీగఢు తరువాత దేశములోని రెండవ పరిశుభ్ర నగరముగా పేర్కొన్నది. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణములో ఇందూరుతో కలిసి సూరత్తు ప్రథమస్థానము పొందినది. ప్రతి ఉదయము గడపకు పోయి "ఎట్లున్నారు?" అని అడిగి, వచ్చిన జవాబును బట్టి మధ్యాహ్నము లోపల పని చేయుట తప్ప ఇందులో మంత్రమేమియు లేదు. ప్రభుత్వోద్యోగికి ఇంతకంటె మేలైన కుశలప్రశ్న కానరాదు.

ఎండ విషయములోను గుజరాతు అటువంటి పాఠమునే నేర్చినది. 2010 మే నెలలో అహమ్మదాబాదునందు వడగాలులకు సాధారణముకంటె 1,300లకు పైగా అధికమరణములు సంభవించినవని తరువాతి పరిశీలనలలో తేలినది. అందు చాలవాటిని జరిగిన దినములలో ఎవరును ఎండ ఖాతాలో వ్రాయలేదు. వృద్ధుడు గుండె ఆగి పోయెననిరి, కూలివాడు జ్వరముతో పోయెననిరి. 2013లో ఆ నగరము ముందస్తు హెచ్చరికలతో కూడిన ప్రణాళికను అమలుపరచినది. దక్షిణాసియాలో నగరమునకు అది మొదటి ప్రణాళిక. అయినను 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండువేలకు పైగా ప్రాణములు పోయినవి. ఆ యిండ్లలోను ఎవరో ఒకరు "ఎండలు మండిపోతున్నాయి" అని అనుకొనియే యుందురు.

ఇది మగ్గపు శాలల సంగతి మాత్రమే కాదు. ఉద్యోగుల క్వార్టర్లలో మరియొక మౌనము కలదు. బదిలీయైన అధికారి ఊరిలో ఒంటరియైన తల్లిని వెంట తీసికొని వచ్చును. కొడుకును కోడలును కచేరీలకు, పిల్లలు బడికి పోవుదురు. పగలంతయు ఆమె మూడవ అంతస్తులో ఒంటరిగా నుండును. పొరుగింటి గుజరాతీ గృహిణి మంచిది, పచ్చిమామిడితో చేసిన "బాఫలో" పానకమును తెచ్చియిచ్చును. సూరత్తువారు "గలేలీ" అనునవి తాటిముంజెలే యని తెలిసిన దినమున ఆ వృద్ధురాలి ముఖము వికసించును. కాని ఒంట్లో బాగులేనిది చెప్పుకొనుటకు ఆమెకు భాష లేదు. "ఒళ్లు కాక చేసింది", "కాళ్లు పీకుతున్నాయి", "గుండె దడగా ఉంది", "కళ్లు తిరుగుతున్నాయి", "ఏదో ఆయాసం" అను ఈ మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క వ్యాధిని సూచించును. కొడుకు వైద్యునియెదుట వానినన్నిటిని కలిపి "వీక్‌నెస్" అను ఒక్క మాటలో చెప్పివేయును. రక్తపుపోటునకు మూత్రము జారీచేయు మాత్రలు వాడు వృద్ధులకు వేసవిలో నీటిలోపము త్వరగా కలుగును. వైద్యుని అడుగక ఆ మాత్రలు మానరాదు, అడుగకుండ వేసవి గడపనురాదు. ఆమె మాటలను ఆమె చెప్పినట్లే చెప్పగల తెలుగువారొకరు ఆసుపత్రికి తోడు పోయినచో సగము వైద్యము అచ్చటనే జరిగినట్లు.

ఆమె ఊరిలోని కుమార్తెతో టెలిఫోనులో మాటలాడునప్పుడు మాత్రము "నాకేమే, బాగానే ఉన్నాను" అనును. కొడుకు మనసు నొచ్చునని ఆమె చెప్పదు. తల్లి బెంగపడునని మగ్గపు కార్మికుడు చెప్పడు. పైయధికారి ఏమనుకొనునోయని గుమాస్తా చెప్పడు. ప్రేమచేతనే, మర్యాదచేతనే ఇందరు నిజము దాచుచున్నారు. అందుచే "బాగున్నాను" అను జవాబును నమ్మి ఊరకుండుట స్నేహధర్మము కాదు.

సాంస్కృతిక సంఘములు ఉగాదికి పచ్చడి పంచును, త్యాగరాజు ఆరాధనము జరుపును, నాటకములాడును. ఇవి ఉండవలసినవే. వానితో పాటు ఒక చిన్న పుస్తకము గూడ ఉండదగును. ఒంటరిగా పగలు గడపు పెద్దలెవరు, క్రొత్తగా వచ్చిన కుటుంబమేది, ఎవరికి గుజరాతీ వచ్చును, ఎవరికి వాహనమున్నది అను వివరములు అందుండవలయును. చైత్రమునుండి జ్యేష్ఠము వరకు ఒక్కొక్క కుటుంబము మరియొక కుటుంబమును దినమున కొకసారి పలుకరించు బాధ్యత తీసికొన్నచో దానికయ్యెడి వ్యయము ఏమియు లేదు. క్వార్టర్లవారు తమవారినే గాక లింబాయత్ వీథులవారిని గూడ ఆ పుస్తకములో చేర్చినచో, ఒకే బండిలో వచ్చినవారు ఒకే ఊరివారగుదురు.

పూర్వులు కుశలము ముందుంచి "ఉపరి" అని తక్కిన సంగతులు వ్రాసిరి. ఆ వరుస సరియైనదే. "బాగున్నారా" అని యడిగినవారు రెండవ ప్రశ్నకు గూడ కొంచెము వ్యవధి యుంచుకొన్నచో, ఇచ్చట క్షేమము, అచ్చట క్షేమము అను ఆ ప్రాతపంక్తి వ్రాతలోనేగాక వాస్తవమునందును నిజమగును.

స్వస్తి.