చెరువు ఎండినప్పుడు ఆ భూమి ఎవరిది? మంజీర ఒడ్డున ఒక ఏడాది

ఈ ఎపిసోడ్‌లో తీరం గురించి మాట్లాడుకుందాం. "కందిలో తీరం ఏంటండీ, ఇక్కడికి సముద్రం ఎంత దూరం?" అని మీకు అనిపించవచ్చు. నిజమే, మనకు సముద్రం లేదు. కానీ తీరం ఉంది. సంగారెడ్డి దాటి కల్పగూర్ వైపు వెళ్తే మంజీర ఒడ్డు, ఆ పైన సింగూరు ఒడ్డు, ఇటు పటాన్‌చెరు వైపు వస్తే ఇక్రిశాట్ లోపలి చెరువులు, అమీన్‌పూర్ చెరువు. సముద్రపు ఒడ్డు రోజుకు రెండుసార్లు ముందుకు వెనక్కు జరుగుతుంది. మన ఒడ్డు ఏడాదికి ఒక్కసారి జరుగుతుంది. తేడా అంతే.

ఆ ఒడ్డు ఎప్పుడు ఎక్కడుంటే ఏ పిట్ట వస్తుంది, ఏ జీవి గుడ్లు పెడుతుంది అన్నదే ఈరోజు మన ముచ్చట. నెలల లెక్క కంటే మన రైతుల కార్తెల లెక్క దీనికి బాగా సరిపోతుంది. అందుకే కార్తెల ప్రకారమే చెప్తాను.

మృగశిర కార్తెతో మొదలు పెడదాం. జూన్ 7, 8 తారీఖులకు వస్తుంది. జనమంతా చేపల మార్కెట్ దారి పట్టే రోజు. దానికి కొంచెం అటూ ఇటూ చాతకం వస్తుంది. నల్లగా, తెల్లగా, తల మీద జుట్టుతో ఉంటుంది. ఇది ఆఫ్రికా నుంచి రుతుపవనాలతో పాటు వచ్చే పక్షి. వాన నీళ్ళే తాగుతుందన్నది కవుల మాట. అసలు సంగతి ఏమిటంటే, వాన పడితే పురుగులు పుడతాయి, గొంగళి పురుగులు దీనికి ఇష్టమైన తిండి. అదే సమయంలో ఒడ్డు మట్టిలో మొసలి గుడ్లు పగులుతాయి. మంజీరలో ఉన్నది మగ్గర్ జాతి మొసలి. ఎండలు మొదలవుతుండగా ఒడ్డున గుంత తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెట్టి కప్పేస్తుంది. సుమారు రెండు నెలలకు లోపలి పిల్లలు అరుస్తాయి. తల్లి ఆ అరుపు విని మట్టి తవ్వి, పిల్లలను నోట కరుచుకుని నీళ్ళలో వదులుతుంది. ఇంకో వింత కూడా ఉంది. పిల్ల ఆడదా మగదా అన్నది ఆ మట్టి వేడి మీద ఆధారపడుతుంది. అంటే ఒడ్డు మట్టే ఆ జాతికి పురిటి గది.

ఈ మొసళ్ళ కోసమే 1978లో ఇక్కడ మంజీర అభయారణ్యం ప్రకటించారు. 20 చదరపు కిలోమీటర్లు. సింగూరు డ్యాం కింది నుంచి మంజీర బ్యారేజీ దాకా ఉన్న నీళ్ళు, మధ్యలో గడ్డలు. హైదరాబాద్ తాగిన నీళ్ళూ ఇవే. ఇదంతా వట్టి అడవి జీవుల కథ అనుకోవద్దని ఈ మాట చెప్తున్నాను.

మఖ, పుబ్బ కార్తెలకు, అంటే ఆగస్టు, సెప్టెంబర్‌లకు, వానలు బాగుంటే నీళ్ళు నిండుతాయి. ఒడ్డు పొలం గట్లదాకా వస్తుంది. చూసే వాళ్ళకు ఇదే అందమైన కాలం. ఫోటోలన్నీ ఇప్పుడే తీస్తారు. కానీ బురదలో తిరిగే పిట్టలకు ఇప్పుడు నిలబడే జాగా ఉండదు. నీళ్ళ మీదికి వంగిన ఈతచెట్లకు, తుమ్మకొమ్మలకు గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. కొంగలు, నీటికాకులు నీటి మధ్యలోని చెట్లనే వెతుక్కుంటాయి. కుక్క, పిల్లి అక్కడికి రాలేవు కదా.

స్వాతి, విశాఖ కార్తెలు వచ్చేసరికి చలి దిగుతుంది. ఉత్తరం నుంచి బాతులు మొదలవుతాయి. కొన్నాళ్ళకు పెద్ద చుట్టాలు దిగుతాయి. తెల్లటి తల మీద రెండు నల్ల పట్టీలున్న బాతులు. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అంటారు. మంగోలియాలో, టిబెట్ పీఠభూమి మీద పుట్టి హిమాలయాలు దాటి వస్తాయి. శాస్త్రవేత్తలు పరికరాలు కట్టి చూస్తే, 7 వేల మీటర్లకు పైన కూడా ఎగిరినట్టు తేలింది. అంత కష్టపడి వచ్చి ఇక్కడ ఏం చేస్తాయి? పగలంతా ఒడ్డున కూర్చుంటాయి. చీకటి పడ్డాక గడ్డి, పంట మేస్తాయి. అవి మేసే గడ్డి ఎక్కడ మొలుస్తుంది? నీళ్ళు వెనక్కు తగ్గిన తడి నేలలో.

ఇక్కడ ఒక మాట పట్టుకోండి. శిఖం. చెరువు నిండితే మునిగి, తగ్గితే తేలే భూమిని మన రెవెన్యూ రికార్డులో శిఖం అంటారు. ఈ ఏడాది కథంతా ఆ శిఖం మీదనే నడుస్తుంది.

డిసెంబర్, జనవరిలో నీళ్ళు మెల్లగా తగ్గుతుంటే రోజుకు ఇంత చొప్పున కొత్త బురద బయటపడుతుంది. ఆ బురదలో పురుగులు, నత్తలు, చిన్న చేపలు. పొడుగు ముక్కు పిట్ట లోతుగా పొడుస్తుంది, పొట్టి ముక్కు పిట్ట పైపైన ఏరుకుంటుంది. మోకాలి లోతులో తెడ్డుమూతి కొంగ మూతిని అటూ ఇటూ ఊపుతూ వెతుకుతుంది. నత్తలు తినే కొంగకు రెండు ముక్కుల మధ్య సందు ఉంటుంది, నత్తను పట్టడానికి అనువుగా. ఒకే ఒడ్డు, కానీ జానెడు లోతుకు ఒక వంట. అమీన్‌పూర్‌కు రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, వచ్చినప్పుడు అందరూ కెమెరాలు పట్టుకుని వెళ్ళారు. అవి కూడా లోతు తక్కువ నీళ్ళలోనే నిలబడి తల తలకిందులు చేసి తింటాయి. ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. నగరంలోని ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి.

మార్చి దాటితే బాతులు వెళ్ళిపోతాయి. "ఇంకేముంది, సీజన్ అయిపోయింది" అని కెమెరాలు సర్దేస్తారు. నా ఉద్దేశంలో అసలు సీజన్ అప్పుడే మొదలవుతుంది. మొసలి గుడ్లు మట్టిలో ఉన్న కాలం అదే. నది మధ్య ఇసుక తేలిన చోట రివర్ టర్న్ అనే పసుపు ముక్కు పిట్ట ఏ గూడూ లేకుండా ఇసుక మీదే గుడ్లు పెడుతుంది. ఎండిన శిఖంలో నాలుగు గులకరాళ్ళ మధ్య తీతువు గుడ్లు పెడుతుంది. గుడ్డు కూడా రాయి రంగే. తీతువు అరిస్తే కీడు అంటారు పెద్దలు. దాని బాధ వేరే. కింద గుడ్లున్నాయి, తొక్కొద్దని మొత్తుకుంటుంది.

ఆ పైన రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు. శిఖం అంతా నెర్రెలు విచ్చి, చూడటానికి ఉత్త బంజరులా ఉంటుంది. ఒక టిప్పర్ వస్తుంది, మట్టి పోస్తుంది. ఇంకో చోట నాలుగు కడీలు పాతుతారు. ఎవరూ అడగరు. ఎందుకంటే అక్కడ నీళ్ళు లేవు, బాతులు లేవు, ఫోటో తీసేదేమీ లేదు. చెరువులు సెప్టెంబర్‌లో పోవు, మే నెలలోనే పోతాయి.

2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత అది. 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఆ గీత దాటి ఇంకో 30 మీటర్లు వదలాలని 2012 నాటి నిబంధన. మనం ఆ గీతను ఇళ్ళు మునగకుండా కాపాడే గీతగానే చూస్తున్నాం. అది తీతువుకు, మొసలికి, బాతుకు కూడా గీతే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయడం మంచిపనే, ఆ మట్టి పొలాలకు బలం. కాకపోతే ఒడ్డును గోడలా నిట్టనిలువుగా చెక్కినా, చుట్టూ రాళ్ళు పేర్చి వాకింగ్ ట్రాక్ వేసినా, నీళ్ళు నిండుగానే కనిపిస్తాయి, జానెడు లోతు మాత్రం మిగలదు. అప్పుడు ఈదే బాతు ఒక్కటే బతుకుతుంది, నడిచే పిట్టకు తిండి ఉండదు.

మన పారిశ్రామిక ప్రాంతానికి ఇంకో బాధ ఉంది. ఇస్కవాగు, నక్కవాగు చివరికి మంజీరలోనే కలుస్తాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు అచ్చువేసిన లెక్క ఒకటుంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి బయటికి వదిలే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. అలాంటి నీళ్ళలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ నీళ్ళు ఎక్కడ ఆగుతాయి? లోతు తక్కువైన బురదలో. నత్త ఉన్నది అక్కడే, నత్తను తినే కొంగ ఉన్నది అక్కడే, మన గొడ్లు దిగేది కూడా అక్కడే. దీని మీద పటాన్‌చెరు జనం 1990 నుంచీ కోర్టుల్లో కొట్లాడారు. అది పక్షుల కోసం వేసిన కేసు కాదు. తాగే నీళ్ళ కోసం, పండే పొలం కోసం. అయినా రెండూ ఒకటే ఒడ్డు.

2016 ఎండకాలం గుర్తుందా? సింగూరు, మంజీర రెండూ ఎండిపోయాయి. హైదరాబాద్‌కు అక్కడి నుంచి నీళ్ళు ఆగాయి. వాన పడగానే మళ్ళీ నీళ్ళు వచ్చాయి, వాటి వెంట పిట్టలూ వచ్చాయి. ఎండిపోవడం వల్ల చెరువు చావదు. ఎండినప్పుడు దాని జాగా పోతే చస్తుంది.

మరి మనం ఏం చేయొచ్చు? మీ ఊరి చెరువు దగ్గర కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి. పెద్ద బండో, మర్రి చెట్టో, తూమో. సెప్టెంబర్‌లో నీళ్ళు నిండినప్పుడు అక్కడ నిలబడి ఒక ఫోటో, మే నెలలో సరిగ్గా అదే చోట ఇంకో ఫోటో. తారీఖు వేసి దాచండి. కొత్త కడీ పాతినా, కొత్త మట్టికుప్ప పడినా ఆ రెండు ఫోటోలే మీ సాక్ష్యం. ఒడ్డు వెంట పోయినప్పుడు ఏ పిట్ట కనిపించింది, ఎన్ని కనిపించాయి అన్నది ఒక నోట్‌బుక్కులో రాయండి. ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్క 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది, అందులో చేయి కలపవచ్చు. కానీ జనవరి ఒక్కటే చాలదు. మే నెలలో కూడా ఒక్కసారి ఒడ్డుకు పోండి. తీతువు అరిస్తే రెండు అడుగులు వెనక్కి వేయండి. కుక్కను వెంట తీసుకుపోకండి. మొసలి ఉన్న ఒడ్డున నీళ్ళ అంచుకు వెళ్ళకండి.

మీ చెరువు శిఖంలో ఈ ఎండకాలం ఏం కనిపించిందో మాకు రాసి పంపండి, ఊరి పేరు, తారీఖు తప్పకుండా వేయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.