వేదిక ఉత్తరాలకు తాళం ఎవరి చేతిలో ఉండాలి?



నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు వేదిక ఉత్తరాలన్నీ నా సొంత ఉచిత ఖాతాలో పెట్టాను. పాస్‌వర్డు మర్చిపోయాను, ఆరేళ్ళ ఉత్తరాలు పోయాయి. తప్పు నాదే. అందుకే ఇప్పుడు డబ్బు కట్టి ఈమెయిలు తీసుకుందాం అంటున్నాను.

డబ్బు కట్టినంత మాత్రాన అన్నీ భద్రం అనుకోకండి. 2013లో ప్రభుత్వం తాళంచెవులు అడిగిన గొడవలో అమెరికాలోని లావాబిట్ మూతపడింది. వాడుకదారులకు వాళ్ళ ఉత్తరాలు ఉన్నపళంగా అందకుండా పోయాయి. 2021లో స్విట్జర్లాండ్‌లోని ప్రోటాన్, అక్కడి చట్టం ప్రకారం వచ్చిన ఆదేశంతో, ఒక ఫ్రెంచి ఉద్యమకారుడి ఐపీ అడ్రసు ఇవ్వాల్సి వచ్చింది. ఏ కంపెనీ అయినా ఏదో ఒక దేశపు చట్టానికి లోబడేదే.

కాబట్టి నేను మూడే చూస్తాను. ఒకటి, మన సొంత డొమైను పెట్టుకోవచ్చా? అది ఉంటే కంపెనీ మారినా చిరునామా మారదు. రెండు, ఉత్తరాలన్నీ దించుకోవచ్చా? ఆస్ట్రేలియా కంపెనీ ఫాస్ట్‌మెయిల్‌లో మామూలు మెయిల్ ప్రోగ్రాముతోనే దించుకోవచ్చు. ప్రోటాన్‌లో మామూలు మెయిల్ ప్రోగ్రాముతో దించుకోవాలంటే బ్రిడ్జ్ అనే ప్రోగ్రాము కావాలి. మూడు, ఏది గుప్తంగా ఉంటుంది? ప్రోటాన్‌లో ఉత్తరం గుప్తమే గానీ, పైన రాసే విషయం ఆ లెక్కలోకి రాదు. జర్మనీ కంపెనీ టూటా దాన్నీ దాస్తుంది.

నా సలహా: ప్రకటనలకు ఫాస్ట్‌మెయిల్, కమిటీకి ప్రోటాన్, రెంటికీ మన డొమైను. డొమైను ఒక్కరి పేరున కాక వేదిక పేరునే ఉండాలి. ఊళ్ళో ఉన్న మనవాళ్ళ పేర్లు మాత్రం ఎందులోనూ రాయకండి.

సెలవు.