సర్వేల్‌లో మొదలైన గురుకులం



ఒకప్పటి నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో సర్వేల్ అనే పల్లె ఉంది. 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన మొదటి గురుకుల పాఠశాలను అక్కడే తెరిచింది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో మరో రెండు వచ్చాయి.

పేద పిల్లలకు ప్రభుత్వ హాస్టళ్ళు అప్పటికే ఉన్నాయి. కానీ హాస్టలు ఒకచోట, బడి మరోచోట. బడి వదిలాక పిల్లల చదువు సంగతి పట్టించుకునేవారు తక్కువ. గురుకులం ఈ రెంటినీ ఒకే ఆవరణలోకి తెచ్చి, ఉపాధ్యాయులను కూడా పిల్లల దగ్గరే ఉంచింది. చీకటితోనే గంట మోగుతుంది. వ్యాయామం, స్నానాలు, కంచాలతో వరుసలో నిలబడి టిఫిను, ఆపైన తరగతులు. సాయంత్రం ఆటలు. రాత్రి స్టడీ అవర్. లెక్క తెగక పిల్లవాడు తల పట్టుకుంటే, చెప్పడానికి మాస్టారు ఆ గదిలోనే ఉంటారు. అమ్మానాన్నలకు అక్షరం రాని ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు ఈ ఒక్క ఏర్పాటు ఎంత అండో వేరే చెప్పాలా!

ఇదంతా ఊరికే జరగదు. తిండికి, బట్టలకు, పుస్తకాలకు, జీతాలకు ఏటా బడ్జెట్‌లో డబ్బు పెట్టాలి. పెట్టాలన్న పట్టుదల పాలకుడికి ఉండాలి. పి.వి.కి అది ఉంది. 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యాక ఆయన ఇదే ఆలోచనను దేశమంతటికీ తీసుకెళ్ళారు. అలా వచ్చినవే నవోదయ విద్యాలయాలు. వాటిలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే.

ఫలితం చూడండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళు. నిజామాబాద్ జిల్లాలోని ఒక గిరిజన కుటుంబం ఆమెది. చదువు సాంఘిక సంక్షేమ గురుకులంలో. తెలివికీ ధైర్యానికీ మన పల్లెల్లో ఏనాడూ కొదవ లేదు. కొదవల్లా అవకాశానికే.

అయితే గురుకులంలో సీట్లు కొన్నే. ప్రవేశ పరీక్షలో నెగ్గినవారు లోపలికి వెళతారు, మిగిలినవారు ఊరి బడికి తిరిగి వస్తారు. ఆ ఊరి బడిలో ఒకే మాస్టారు అయిదు తరగతులు నెట్టుకొస్తుంటే, మనం కొందరికి పెట్టి ఎందరినో పస్తు ఉంచినట్టే. జాతీయ ఆదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. ఆ లక్ష్యాన్ని దేశం నేటికీ అందుకోలేదు. గురుకులానికి చూపిన శ్రద్ధ ప్రతి ఊరి బడికీ దక్కాలి.

అందుకు మన వంతు పని ఒకటి ఉంది. ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ మన ఊరి బడి గురించి నిలదీద్దాం. ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఎప్పుడు నింపుతారు, బడికి ఈ ఏడు ఎంత ఇస్తారు అని అడుగుదాం. మనం గట్టిగా అడిగితేనే బడ్జెట్‌లో బడికి చోటు పెరుగుతుంది.