దిక్కులేని బిడ్డకు చోటు

గ్రామపెద్దలారా!

నేను ముప్పదియైదేండ్లు పల్లెబడులలో పాఠములు చెప్పినవాడను. నేడు మీకు పాఠము చెప్పుటకు రాలేదు. నేను చేసిన యొక తప్పును చెప్పుకొనుటకు వచ్చితిని.

ఇది 2018వ సంవత్సరపు మాట. నా బడిలో తొమ్మిదేండ్ల బాలుడొకడుండెను. తల్లిదండ్రులిరువురును ఒక్క యేటనే గతించిరి. ముసలి అమ్మమ్మ వానిని సాకజాలకపోయెను. బడిగంట కొట్టుట వానికి మిక్కిలి యిష్టము. సాయంకాలము గంట కొట్టిన పిదప పిల్లలందరు ఇండ్లకు పరుగెత్తెడివారు. వాడు మాత్రము బడి యరుగుమీదనే కూర్చుండెడివాడు.

ఒకనాడు ఎవడో వచ్చి, పట్టణమున అనాథాశ్రమము నడపుచున్నాననియు, కూడు, గుడ్డ, చదువు తానే చూచెదననియు పలికెను. రచ్చబండకడ కూడిన పెద్దలము నలుగురము సంతోషించి బాలుని అప్పగించితిమి. ఆ యాశ్రమమునకు ప్రభుత్వపు నమోదు గలదా యని ఒక్కరమును అడుగలేదు. ఊరందరికి అర్జీలు వ్రాసిపెట్టిన నేనును కాగితము చూపుమనలేదు.

ఆరు మాసములకు వానిని చూడబోతిని. వాడొక పూటకూళ్ళయింట అంట్లు తోముచుండెను. చేతులు నీట నాని తెల్లబారియుండెను. నన్ను చూచి యేడ్వలేదు. "పంతులుగారూ, ఇప్పుడు గంట ఎవరు కొట్టుచున్నారు?" అని మాత్రము అడిగెను.

వెంటనే 1098కు ఫోను చేసితిని. వారు పోలీసులతో వచ్చి, బాలుని జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట నిలిపిరి. సమితివారు విచారింపగా దూరపుటూరిలో పినతల్లి యున్నట్లు తెలిసెను. ఆమె కన్నీరు పెట్టుకొని వానిని తీసికొనిపోయెను. మేమా మాట ముందే విచారింపవలసినది.

పెద్దలారా! 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము 2016 జనవరి 15 నుండి అమలులో నున్నది. అయినవారి అండ లేని బిడ్డను కనుగొని చేరదీసినవారు 24 గంటలలోపల 1098కు గాని, పోలీసుఠాణాకు గాని, సమితికి గాని తెలుపవలయును. తెలుపకుండుట నేరము. బిడ్డ నెచ్చట నుంచవలయునో నిర్ణయించుట సమితి పని. మన రచ్చబండ పని కాదు. నమోదు లేక పిల్లల నుంచుకొను గృహము నడపువారికి ఏడాది వరకు కారాగారమో, లక్షరూపాయలకు తక్కువ గాని జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

"మంచి గృహములలో చోటు దొరకునా?" యని మీరడుగవచ్చును. దొరకుట కష్టమైన సందర్భములు గలవు. కాని చట్టము గృహమును కడపటి దారిగానే చెప్పినది. మొదట బంధువుల యిల్లు. అది లేనినాడు పెంచుటకు ఒప్పుకొన్న యోగ్యమైన కుటుంబము. ఏదియు కుదరనినాడే గృహము. మనము చోటు వెదకక చేతులు దులుపుకొన్నప్పుడే దళారికి చోటు దొరకును.

బిడ్డను సమితికి అప్పగించినంతనే మన బాధ్యత తీరదు. వాడెచ్చట నున్నాడో, ఎట్లున్నాడో అప్పుడప్పుడు విచారింపుడు. ఊరిలో తన్ను తలచువారొకరు గలరని బిడ్డకు తెలియవలయును.

ఆ బాలుని ప్రశ్నకు ఆనాడు నేను బదులు చెప్పలేకపోతిని. మీ యూరి యరుగుమీద అట్టి బిడ్డ కూర్చుండినచో, ప్రొద్దు గ్రుంకకమునుపే లేచి కదలుడు.

సెలవు.